మందు కనిపెడితే చాలదు

మా కైవారం గురించి చెప్పమంటే ఎవరైనా రెండు సంగతులు చెప్తారు. ఒకటి, గాజులు అమ్ముకుంటా ఊరూరు తిరిగి తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పిన కైవారం తాతయ్య. రెండోది బకాసురుడు. మహాభారతంలోని ఏకచక్రపురం మా ఊరేనని స్థలపురాణం. రోజుకొక ఇంటి నుంచి బండెడు అన్నం, దాంతోపాటు ఒక మనిషి ఆ రాక్షసుని ఆకలికి పోవాలి. ఈ కథ విన్నప్పుడల్లా నాకొక సందేహం వస్తుంది. ఒక ఇంటి వంతు వచ్చిన రోజు మిగతా ఇండ్లవాళ్లు ఏం చేసేవాళ్లు? తలుపులు వేసుకొని, ఈరోజు మన వంతు కాదులే అనుకునేవాళ్లేమో.

ఈ ఏడు పత్రికకు ఇటీవలి చరిత్ర మీద వ్యాసం రాయమని మా సోషల్ సార్ చెప్పినారు. ముద్దేనహళ్లి మన జిల్లాలోనే ఉంది కాబట్టి నా స్నేహితులు చాలామంది విశ్వేశ్వరయ్య గారిని తీసుకున్నారు. నేను హెచ్.ఐ.వి. మందుల చరిత్ర తీసుకున్నాను. జబ్బుకు చరిత్ర ఏముంటుంది అని ఒకరు అడిగినారు. రాజ్యాలకు ఉన్నట్టే జబ్బులకూ తేదీలు ఉన్నాయి, గెలుపులు ఓటములు ఉన్నాయి. ఈ చరిత్రలో నాకు బాగా తెలిసిన మనిషి కూడా ఒకరున్నారు. ఆమెను ఇక్కడ ‘అత్త’ అని రాస్తాను. ఆమె నాకు నిజంగా అత్త అవునో కాదో, ఏ ఊరో చెప్పను. ఎందుకు చెప్పనో వ్యాసం చివరకు వచ్చేసరికి తెలుస్తుంది.

మదనపల్లె పక్కన మొదలైన పాఠం

హెచ్.ఐ.వి. కంటే ముందు క్షయ గురించి చెప్పాలి. మందుకు క్రిమి లొంగకుండా పోవడం అనే పాఠాన్ని ప్రపంచానికి గట్టిగా నేర్పింది క్షయే.

చింతామణి దాటి ఆంధ్రాలోకి పోతే మదనపల్లె. దాని పక్కన ఆరోగ్యవరం అనే చోట వందేండ్లకు పైబడిన క్షయ ఆస్పత్రి ఉంది. ఆ కాలంలో క్షయకు మందు లేదు. మంచి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి, ఇంతే వైద్యం. చల్లని కొండగాలి ఉంటుందని ఎక్కడెక్కడి వాళ్లో అక్కడికి వచ్చి నెలల తరబడి ఉండేవాళ్లు.

1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ అనే మందు కనిపెట్టినారు. 1948లో ఇంగ్లండు వైద్యులు దాని పరీక్షా ఫలితాలు ప్రకటించినారు. మొదటి నెలల్లో రోగులు లేచి కూర్చున్నారు, బరువు పెరిగినారు. అందరూ సంతోషపడినారు. కొన్ని నెలలకు చాలామందిలో జబ్బు తిరగబెట్టింది. ఈసారి అదే సూది వేసినా క్రిములు చావలేదు. అప్పుడు వైద్యులకు అర్థమైంది, ఒక్క మందుతో ఈ జబ్బును కొట్టకూడదు, రెండు మూడు మందులు కలిపి కొట్టాలి అని. అలా కలిపి ఇచ్చిన తర్వాతే క్షయ లొంగింది.

1956లో మద్రాసులో ఒక పరిశోధన కేంద్రం మొదలైంది. ఆస్పత్రిలో పడుకోబెట్టి మందులిచ్చిన వాళ్లనూ, ఇంట్లోనే ఉండి మందులు మింగిన వాళ్లనూ పోల్చి చూసినారు. ఇంట్లో ఉన్నవాళ్లు కూడా దాదాపు అంతే బాగా కోలుకున్నారు. పేదవాని గుడిసెలో కూడా మందు పని చేస్తుందని ప్రపంచానికి చూపించింది మన పక్క రాష్ట్రం రాజధానే. కానీ ఇంటి వైద్యానికి ఒక షరతు ఉంది. జబ్బు తగ్గినట్టు అనిపించినా సరే, చెప్పినన్నాళ్లూ మాత్రలు మానకుండా మింగాలి.

కాట్పాడి రైలులో ఐస్ పెట్టె

1981 జూన్‌లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో ఐదుగురు యువకులకు వింత న్యుమోనియా వచ్చిందని ఒక వైద్య పత్రికలో చిన్న వార్త వచ్చింది. ఎయిడ్స్ గురించి ప్రపంచం చదివిన మొదటి వార్త అదే. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో దానికి కారణమైన వైరస్‌ను పట్టుకున్నారు. దానికి గాను 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

అది విదేశీ జబ్బు, మన దేశానికి రాదు అని అప్పుడు చాలామంది అనుకున్నారు. మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్ గారు అలా అనుకోలేదు. తన విద్యార్థిని డాక్టర్ నిర్మల గారికి ఈ పని అప్పగించినారు. నిర్మల గారు సంరక్షణ గృహంలో ఉంచిన స్త్రీల దగ్గర రక్త నమూనాలు తీసుకున్నారు. వాటిని దాచే వసతి సరిగా లేక ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టినారు. మద్రాసులో ఆ పరీక్ష చేసే చోటు లేదు. 1986లో భర్తతో కలిసి ఐస్ పెట్టెలో ఆ నమూనాలు పెట్టుకొని రాత్రి రైలెక్కి కాట్పాడిలో దిగి, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు తీసుకుపోయినారు. ఆరు నమూనాల్లో వైరస్ కనిపించింది. మన దేశంలో హెచ్.ఐ.వి. ఉన్నట్టు తెలిసింది అలా.

ఆ ఆరుగురు స్త్రీల పేర్లు నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. మొదట నాకు అది అన్యాయం అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, ఆ కాలంలో పేరు బయటపడి ఉంటే వాళ్ల గతి ఏమయ్యేదో అనిపించింది.

మళ్లీ అదే తప్పు

1987లో అమెరికాలో హెచ్.ఐ.వి.కి మొదటి మందు ఏ.జెడ్.టి.కి అనుమతి ఇచ్చినారు. స్ట్రెప్టోమైసిన్ కథే మళ్లీ జరిగింది. కొన్ని నెలలు బాగుండేది, తర్వాత పని చేసేది కాదు. 1989లో శాస్త్రవేత్తలు ఆ మందుకు లొంగని వైరస్‌ను రోగుల శరీరంలోనే చూసినారు. తర్వాత రెండు మందులు కలిపి చూసినారు. అదీ చాలలేదు. 1996లో మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలైనాక చావులు ఒక్కసారిగా తగ్గినాయి. మంచం మీద ఉన్నవాళ్లు లేచి ఉద్యోగాలకు పోయినారు.

ఇక్కడ తల్లుల సంగతి కూడా చెప్పాలి. కాన్పు నొప్పులప్పుడు తల్లికి ఒక్క నెవిరపిన్ మాత్ర, పుట్టిన బిడ్డకు అదే మందు కొంచెం ఇస్తే బిడ్డకు వైరస్ సోకే ప్రమాదం సగానికి తగ్గుతుందని 1999లో ఉగాండాలో తేలింది. పేద దేశాలకు అది వరం లాగా అనిపించింది. మన దేశంలోనూ ఇచ్చినారు. వేల మంది బిడ్డలు బతికినారు. కానీ ఆ ఒక్క మాత్ర వల్లనే చాలామంది తల్లుల్లో వైరస్ ఆ మందుకు లొంగకుండా తయారైంది. తర్వాత తల్లికే మందు అవసరమైనప్పుడు అది సరిగా పని చేయలేదు. బిడ్డను కాపాడిన మాత్ర తల్లి మందును చెడగొట్టింది. 2014 నుంచి మన దేశంలో హెచ్.ఐ.వి. ఉన్న గర్భిణులందరికీ మూడు మందులూ ఇస్తా ఉన్నారు, కాన్పు తర్వాత కూడా ఆపకుండా.

టమేటా తోటలో లెక్క

మందుకు లొంగకపోవడం అంటే మనిషి ఒంటికి మందు అలవాటు పడిపోవడం అని చాలామంది అనుకుంటారు. మా అవ్వ కూడా అదే అనుకునేది. అది తప్పు. మారేది మనిషి కాదు, వైరస్.

మన చింతామణి పక్క పిల్లలకు ఇది చెప్పడం సులువు, ఎందుకంటే మన ఇండ్లలో టమేటా పెట్టనివాళ్లు తక్కువ. ఒకే పురుగుమందు ఏడాదంతా కొడితే ఏమవుతుంది? మొదటిసారి పురుగులు దాదాపు అన్నీ చస్తాయి. ఎక్కడో ఒకటి రెండు తట్టుకొని మిగులుతాయి. వాటి పిల్లలే తోటంతా నిండుతాయి. తర్వాత ఎంత కొట్టినా దుడ్డు దండగ. అందుకే మా నాయన మందు మార్చి మార్చి కొడతాడు. నీళ్లు ఎక్కువ కలిపి పలుచగా కొట్టేవాళ్లను చూస్తే కోప్పడతాడు. పలుచని మందు పురుగును చంపదు, గట్టిదాన్ని మాత్రం ఏరి మిగులుస్తుంది అంటాడు.

హెచ్.ఐ.వి.లోనూ ఇదే లెక్క. మందు లేని మనిషి ఒంట్లో రోజుకు సుమారు వెయ్యి కోట్ల కొత్త వైరస్‌లు పుడతాయి. ఒక్కొక్క వైరస్ దగ్గర సుమారు 9,700 అక్షరాల రాత ఉంటుంది. ఆ రాతను కాపీ చేసేటప్పుడు వైరస్ తప్పులు చేస్తుంది, దిద్దుకోదు. అన్ని కోట్ల కాపీల్లో ఏదో ఒక తప్పు ఒక మందును తట్టుకునేదిగా ఉంటుంది. ఒక మందే ఇస్తే ఆ తప్పు కాపీ బతుకుతుంది, పెరుగుతుంది. మూడు మందులు ఒకేసారి ఇస్తే, మూడింటినీ తట్టుకునే తప్పులు మూడూ ఒకే కాపీలో ఒకేసారి పడాలి. అది దాదాపు జరగదు. పైగా మందు బాగా పని చేస్తా ఉంటే కొత్త కాపీలే పుట్టవు కాబట్టి తప్పులూ పుట్టవు.

కష్టం ఎక్కడ వస్తుందంటే, మాత్రలు మధ్యలో ఆపినప్పుడు. మూడు మందులు ఒకే మాత్రలో ఉన్నా అవి ఒంట్లో ఒకేలాగ ఉండవు. ఎఫావిరెంజ్ అనే మందు వారానికి పైగా రక్తంలో నిలుస్తుంది, తోడు మందులు ముందే తగ్గిపోతాయి. తోటకు మూడు కావలి కుక్కలు ఉండి రెండు వెళ్లిపోయినట్టు. ఆ కొన్ని రోజులు వైరస్ ముందర ఉండేది ఒకే మందు. 1987 నాటి పరిస్థితి ఆ మనిషి ఒంట్లో మళ్లీ వస్తుంది.

ఇలా లొంగని వైరస్ ఒకరి నుంచి మరొకరికి పోతే, వాళ్లకు మొదటి రోజు నుంచే ఆ మందు సరిగా పని చేయదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదికలో, సర్వే చేసిన 18 దేశాల్లో 12 దేశాల్లో ఇలాంటివాళ్లు నూటికి పదిమంది కంటే ఎక్కువ ఉన్నారని తేలింది. అందుకే ఎఫావిరెంజ్ స్థానంలో డోలుటెగ్రావిర్ అనే మందు వచ్చింది. దాన్ని తట్టుకోవడం వైరస్‌కు చాలా కష్టం.

హైదరాబాదు మాత్రలు

1996లో మూడు మందులు వచ్చినాయి గానీ అవి మనకు రాలేదు. ఏడాదికి పదివేల డాలర్లకు పైగా ఖర్చు. ఆనాటి మన రూపాయల్లో మూడున్నర లక్షలు దాటుతుంది. ప్రపంచంలో ఎక్కువమంది రోగులు పేద దేశాల్లో, మందులు ధనిక దేశాల్లో ఉండినాయి.

ఈ గోడను కూల్చడంలో మన దేశం పాత్ర పెద్దది. 1970లో చేసిన పేటెంటు చట్టం వల్ల, ఒక మందును వేరే పద్ధతిలో తయారు చేసుకునే హక్కు మన కంపెనీలకు ఉండింది. 2001లో ముంబయికి చెందిన సిప్లా కంపెనీ మూడు మందులనూ ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని ప్రకటించింది. అంటే రోజుకు ఒక డాలరు కంటే తక్కువ. మూడూ కలిపి ఒకే మాత్రగా కూడా చేసినారు. ఒకే మాత్ర అంటే ధర ఒక్కటే కాదు, ఒకటి మింగి ఇంకొకటి మరిచిపోయే సందు కూడా ఉండదు.

హైదరాబాదు కంపెనీలు హెటెరో, అరబిందో, మ్యాట్రిక్స్ కూడా ఈ మందులు పెద్ద ఎత్తున తయారు చేసినాయి. ఆఫ్రికాలో లక్షల మంది మింగిన మాత్రల్లో చాలా భాగం మన తెలుగు నేల మీద తయారైనవే. కేంద్ర ప్రభుత్వం 1960లలో హైదరాబాదులో పెట్టిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారంలో పని నేర్చుకున్నవాళ్లు తర్వాత సొంత కంపెనీలు పెట్టినారు. రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారు కూడా అక్కడ పని చేసినవారే. మన సాంఘికశాస్త్రం పుస్తకంలో ప్రభుత్వరంగ సంస్థలు అని ఒక పేరాలో చదివే విషయం వెనుక ఇంత సంగతి ఉంది.

2004 ఏప్రిల్ 1న మన దేశంలో ఉచిత ఏ.ఆర్.టి. మందులు మొదలైనాయి. జబ్బు ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో, ఢిల్లీలో ముందు మొదలుపెట్టినారు. ఆ ఆరింటిలో కర్ణాటక, అప్పటి ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. మొదటి మందులు పని చేయనివాళ్లకు 2008 నుంచి రెండో వరుస మందులు కూడా ప్రభుత్వమే ఇస్తా ఉంది. 2017 నుంచి పరీక్షలో హెచ్.ఐ.వి. తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే మందు ఇవ్వాలని నిర్ణయించినారు.

కాలేయంలో దాగిన ఇంకొకటి

రక్తం ద్వారా వచ్చే వైరస్ హెచ్.ఐ.వి. ఒక్కటే కాదు. రక్తం ఎక్కించుకున్న కొంతమందికి కామెర్లు, కాలేయ జబ్బు వచ్చేవి. హెపటైటిస్ ఏ కాదు, బీ కాదు అని మాత్రమే వైద్యులు చెప్పగలిగేవాళ్లు. దానికి పేరు కూడా అలాగే పెట్టినారు, ‘ఏ కాని బీ కాని హెపటైటిస్’ అని. 1989లో దాని వైరస్ దొరికింది. అదే హెపటైటిస్ సి. ఈ పరిశోధనకు 2020లో ముగ్గురికి నోబెల్ వచ్చింది.

అంటే 1989కి ముందు ఎక్కించిన రక్తంలో ఈ వైరస్ ఉందో లేదో చూసే దారే లేదు. మన దేశంలో రక్తానికి హెచ్.ఐ.వి. పరీక్ష 1989లో తప్పనిసరి అయింది. హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి కావడానికి ఇంకా పది పన్నెండేండ్లు పట్టింది. అప్పట్లో దుడ్డుకు రక్తం అమ్ముకునేవాళ్లు కూడా ఉండేవాళ్లు. 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినాక, 1998 నుంచి రక్తం అమ్మడాన్ని నిషేధించినారు.

రెండు వైరస్‌లూ ఒకే మనిషిలో ఉంటే దాన్ని సహసంక్రమణ అంటారు. ప్రపంచంలో హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లలో సుమారు 23 లక్షల మందికి హెపటైటిస్ సి కూడా సోకిందని 2016లో అంచనా వేసినారు. వాళ్లలో సగానికి పైగా సూదితో మత్తుమందు ఎక్కించుకునేవాళ్లు. మన దేశంలో మణిపూర్‌లో అందుకే ఈ జంట జబ్బు ఎక్కువ. అక్కడ ఒకే సూదిని నలుగురు వాడుకునేవాళ్లు. మన దక్షిణాదిలో హెచ్.ఐ.వి. ఎక్కువగా లైంగిక సంబంధాల వల్ల వచ్చింది కాబట్టి ఈ జంట తక్కువ. తక్కువ అంటే లేదని కాదు. ఉడకబెట్టని సూదులు, పరీక్ష లేని రక్తం మన దగ్గర కూడా ఉండినాయి. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో ఒక నకిలీ డాక్టరు ఒకే సూది అందరికీ వాడడం వల్ల ఎంతోమందికి హెచ్.ఐ.వి. సోకిందని వార్తల్లో వచ్చింది.

హెపటైటిస్ సి చప్పుడు చేయదు. ఇరవై ఏండ్లు కాలేయంలో కూర్చొని మెల్లగా దాన్ని గట్టి పరుస్తుంది. హెచ్.ఐ.వి. తోడుంటే ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది, ఎందుకంటే కాపలా కాయాల్సిన రోగనిరోధక శక్తి బలహీనంగా ఉంటుంది. ఇక హెచ్.ఐ.వి. మందుల్లో కొన్ని కాలేయానికి భారం. కాలేయం ముందే దెబ్బతిని ఉంటే మందు పడక మాత్రలు ఆపాల్సి వస్తుంది. ఆపితే వైరస్ మొండిదవుతుంది. ఒక జబ్బు ఇంకొక జబ్బుకు తలుపు తీస్తుంది.

అయినా ఈ రెండింటిలో ఒక పెద్ద తేడా ఉంది. హెచ్.ఐ.వి. తన రాతను మన కణంలోని డి.ఎన్.ఏ.లో కలిపేస్తుంది. అందుకే మందు దాన్ని నిద్రపుచ్చగలదు గానీ పూర్తిగా తీసేయలేదు. హెపటైటిస్ సి అలా కలవదు. కాపీలు పుట్టకుండా కొన్ని వారాలు ఆపితే చాలు, అది పూర్తిగా పోతుంది. పాత కాలంలో దానికి ఇంటర్ఫెరాన్ సూదులు ఆరు నెలలు, ఏడాది వేసేవాళ్లు. జ్వరం, నీరసం, మనసు కుంగిపోవడం. అంత బాధపడినా చాలామందికి నయమయ్యేది కాదు. 2013 చివర్లో సోఫోస్బువిర్ అనే మాత్ర వచ్చింది. అమెరికాలో ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు, 12 వారాలకు 84,000 డాలర్లు. మన డబ్బుల్లో యాభై లక్షలు దాటుతుంది. 2014లో ఆ కంపెనీ ఏడు భారతీయ కంపెనీలకు తయారీ అనుమతి ఇచ్చింది. వాటిలో హైదరాబాదు హెటెరో ఒకటి. 2015లో హైదరాబాదుకే చెందిన నాట్కో కూడా చేరింది. ధర వేల రూపాయల్లోకి దిగింది.

ఈసారి శాస్త్రవేత్తలు పాత తప్పు చేయలేదు. హెపటైటిస్ సి వైరస్ హెచ్.ఐ.వి. కంటే కూడా వేగంగా పుడుతుంది, రోజుకు లక్ష కోట్ల దాకా. అందుకే సోఫోస్బువిర్‌ను ఒంటరిగా ఇవ్వకుండా డాక్లాటాస్‌విర్ లాంటి ఇంకొక మందుతో కలిపి ఇచ్చినారు. నూటికి తొంభై మందికి పైగా నయమవుతా ఉంది. 2018 జూలై 28న మన కేంద్ర ప్రభుత్వం ఈ వైద్యాన్ని ఉచితంగా ఇచ్చే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. జూలై 28 ప్రపంచ హెపటైటిస్ దినం. 2015లో సునీతి సోలమన్ గారు చనిపోయింది కూడా అదే తేదీన.

రెండు జబ్బులూ ఉన్నవాళ్లకు మందులు ఇచ్చేటప్పుడు ఒకదాని కాగితం ఇంకొకరు చూడాలి. ఎఫావిరెంజ్ మింగేవాళ్లకు డాక్లాటాస్‌విర్ 60 మిల్లీగ్రాములు చాలదు, 90 ఇవ్వాలి. ఎందుకంటే ఒక మందు ఇంకొక మందును ఒంట్లో తొందరగా కరిగించేస్తుంది. చెప్పకుండా దాచిపెడితే ఈ మందూ పలుచనైపోతుంది. మా నాయన తిట్టే పలుచని మందు లాగా.

బస్సు రాని నెలలు

ఇప్పుడు అత్త సంగతి. అత్త భర్త చాలా ఏండ్ల కిందటే చనిపోయినారు. అప్పటినుంచి అత్త రోజూ రాత్రి ఒక మాత్ర మింగుతుంది. నెలకొకసారి దూరంగా ఉన్న ఒక పెద్ద ఊరికి పోయి తెచ్చుకుంటుంది. దగ్గర్లో కూడా మందు దొరుకుతుంది. కానీ అక్కడ తెలిసినవాళ్లు ఉంటారు.

2020 మార్చిలో కరోనా వచ్చి బస్సులు ఆగిపోయినాయి. అలాంటప్పుడు దగ్గరి ఆస్పత్రిలోనే మందులు తీసుకోవచ్చని, రెండు మూడు నెలలకు ఒకేసారి ఇవ్వాలని ప్రభుత్వం చెప్పింది. అత్త పోలేదు. “అక్కడ వరుసలో నిలబడితే ఊరంతా తెలిసిపోతుంది కదరా, అందుకే పోలేదు” అని తర్వాత చెప్పింది. ఉన్న మాత్రలను రోజు విడిచి రోజు మింగి పొదుపు చేసింది. అవి కూడా అయిపోయినాయి. బస్సులు మొదలైనాక పెండ్లికి వచ్చిన చుట్టాలతో ఇల్లు నిండిపోయింది. “నీళ్లడిగితే ఏం మాత్ర అని అడుగుతారు. అందరూ పడుకున్నాక మింగుదామని నేనే నిద్రపోతా ఉంటి” అంది.

ఆ మీదట పరీక్షలో రక్తంలో వైరస్ ఎక్కువగా కనిపించింది. మూడు నెలలు సరిగా మింగమని చెప్పి మళ్లీ పరీక్ష చేసినారు. అప్పటికీ తగ్గలేదు. పాత మాత్ర ఇక పని చేయదని రెండో వరుస మందులు మొదలుపెట్టినారు. అప్పుడే కాలేయం పరీక్ష తేడాగా వచ్చి ఇంకా చూస్తే హెపటైటిస్ సి బయటపడింది. ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేరు. 1990లలో కాన్పులో అత్తకు రక్తం ఎక్కించినారని మాత్రం మా అమ్మకు గుర్తుంది.

అప్పుడు నేను ఆరో తరగతి. ఒకరోజు అత్త మా ఇంటికొచ్చి ఒక కాగితం ఇచ్చి, “నీ చేతిరాత బాగుంటుంది కదా, ఇది తెలుగులో పెద్ద అక్షరాలతో రాసియ్యి” అంది. ఆస్పత్రిలో ఇచ్చిన చీటీ కన్నడంలో, ఇంగ్లీషులో ఉంది. అత్త కన్నడం మాట్లాడుతుంది గానీ చదవలేదు. మన బడి లాంటి తెలుగు బడిలో ఐదు దాకా చదువుకుంది. మా అమ్మ చదివి చెప్తా ఉంటే నేను రాసినాను. తెల్ల డబ్బా ఉదయం ఒకటి. ఎర్ర మూత డబ్బా రాత్రి అన్నం తిన్నాక ఒకటి. 12 వారాలు మానకూడదు. జబ్బు పేరు ఎక్కడా రాయలేదు, అది ఏమో నాకు తెలియదు కూడా. మరుసటి నెల ఆస్పత్రిలో సిస్టర్ ఆ చీటీ చూసి, సరిగా ఉందని చెప్పినారంట.

ఆ 12 వారాలు అయినాక ఇంకొక 12 వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేసినారు. హెపటైటిస్ సి పోయింది. కొత్త మందులతో హెచ్.ఐ.వి. కూడా పరీక్షలో కనిపించనంతగా తగ్గింది. పోయిన ఏడాది నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు అత్తే నన్ను కూర్చోబెట్టి ఇదంతా చెప్పింది. ఈ వ్యాసం రాయాలా వద్దా అని అడిగినాను. “రాయి, నా పేరు మాత్రం పెట్టొద్దు” అంది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న చట్టం కూడా అదే చెప్తుంది. ఒక మనిషికి హెచ్.ఐ.వి. ఉందని వాళ్ల అనుమతి లేకుండా బయట చెప్పకూడదు. ఆ కారణంతో బడి, పని, వైద్యం, ఇల్లు ఏదీ కాదనకూడదు.

ముగింపు

దక్షిణ భారతంలో చేసి 2014లో ఫలితాలు ప్రకటించిన ఒక పరిశోధన గురించి మా సైన్స్ టీచర్ చెప్పినారు. కొత్తగా మందు మొదలుపెట్టిన 631 మందిలో సగం మందికి వారం వారం ఫోన్ చేసి మాత్రలు గుర్తు చేసినారు. రెండేండ్ల తర్వాత చూస్తే, ఫోన్ వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ పెద్ద తేడా లేదు. మొదట నాకు ఆశ్చర్యం వేసింది. అత్త సంగతి తెలిసినాక అర్థమైంది. అత్త మాత్రను మరిచిపోలేదు. అందరి ముందర మింగలేకపోయింది. దానికి ఫోన్ ఏం చేస్తుంది?

1948 నుంచి ఇప్పటిదాకా చరిత్ర చూస్తే ప్రయోగశాలలో ఉన్న సందులను శాస్త్రవేత్తలు ఒక్కొక్కటిగా పూడ్చినారు. ఒక మందు చాలదంటే మూడు చేసినారు. మూడు మాత్రలు కష్టమంటే ఒకటి చేసినారు. ధర ఎక్కువంటే మన కంపెనీలు తగ్గించినాయి, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చింది. ఇప్పుడు మిగిలిన సందు మన ఇండ్లలో, బస్సుల్లో, ఆస్పత్రి వరుసల్లో ఉంది. ఏం మాత్ర అని అడగకుండా నీళ్లు ఇవ్వడం ఎవరైనా చేయగలిగిన పని. కొత్త సూది విప్పినారా అని అడగడం, సందేహం ఉంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయడం కూడా మన చేతిలో పనే. తెలుగు చదివేవాళ్లకు మందు చీటీ తెలుగులో రాసివ్వడం మన బడి పిల్లలందరం చేయగలం.

నేను రాసిన ఆ చీటీ మడతల దగ్గర చినిగిపోయిందంట. మాత్రలు కూడా మారినాయి కాబట్టి కొత్తది రాసియ్యమని అత్త అడిగింది. ఈ వ్యాసం సార్‌కు ఇచ్చేసి, సాయంత్రం ఆ పని చేస్తాను.